ఇది కలేనని కలలోనే తెలుస్తుందా?

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కారు. చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటాక ఎల్బీనగర్ రావాలి. స్టేషన్ బోర్డు రెండోసారి చదివితే పేరు మారిపోయింది! అయితే మీరు కలలో ఉన్నట్టే. ఆ సంగతి కలలోనే పసిగడితే దాన్ని లూసిడ్ డ్రీమ్ అంటారు.

ఇది నిజమని ఎలా తెలిసింది? కలలు ఎక్కువగా రెమ్ నిద్రలో వస్తాయి. అప్పుడు ఒళ్లు కదలదు, కళ్లు మాత్రం కదులుతాయి. 1975లో ఇంగ్లండ్‌లో కీత్ హర్న్ చేసిన ప్రయోగంలో, కల కంటున్న వ్యక్తి ముందే అనుకున్నట్టు కళ్లు అటూఇటూ తిప్పి సైగ చేశాడు.

మీకూ ఇలాంటి కల రావాలంటే ఎలా? లేవగానే కల రాసిపెట్టండి. పగలు బోర్డులు రెండేసిసార్లు చదివి, ‘ఇది కలా?’ అని మిమ్మల్ని మీరే అడగండి. ఆ అలవాటు కలలోకీ రావచ్చు. పడుకునేముందు ‘కల వస్తే గుర్తుపడతా’ అనుకోండి. రెమ్ నిద్ర తెల్లవారుజామున ఎక్కువ. అలాగని ఆ కలల కోసం నిద్ర మధ్యలో లేవడానికి అలారం పెట్టకండి. టీనేజీ పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర తప్పనిసరి.