‘డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ 5.1లో విన్నాం: వెనక కుడి స్పీకర్ ఎందుకు మోగలేదు?

కోఠి గుజరాతీ గల్లీలో సెకండ్ హ్యాండ్ ఏవీ రిసీవర్, అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ కలిపి 18 వేలకు తెచ్చాను. పటాన్‌చెరులో మా హాలు పది బై పన్నెండు. హైవే మీద లారీ వెళ్తే సబ్‌వూఫర్ లేకుండానే కిటికీ అద్దాలు వణుకుతాయి. ఇలాంటి గదిలో సరౌండ్ సౌండ్ రివ్యూ ఏంటి అని మీరు అడగొచ్చు. కానీ మనలో చాలామంది ఇళ్లు ఇలాగే ఉంటాయి కదా.

డిస్క్ ఫ్రెండ్ దగ్గర అరువు తెచ్చుకున్నదే. పింక్ ఫ్లాయిడ్ 1973 ఆల్బమ్‌కి యాభై ఏళ్లయిన సందర్భంగా 2023లో వచ్చిన బ్లూ-రే. స్టీరియో, 5.1, డాల్బీ అట్మాస్ మూడూ ఉన్నాయి. నాకు సీలింగ్ స్పీకర్లు లేవు కాబట్టి అట్మాస్ జోలికి పోను. ఇది 5.1 గురించే.

పాత పాటలకి సరౌండ్ అనగానే నాకు అనుమానం. యూట్యూబ్‌లో ‘8డి ఆడియో’ అని పెట్టేవన్నీ ఉన్న స్టీరియో ఫైల్‌నే తల చుట్టూ తిప్పేవి. మూడు నిమిషాల్లో కళ్లు తిరుగుతాయి. ఇది అలా కాదు. డ్రమ్స్, గిటార్, గొంతులు వేరువేరుగా ఉన్న ఒరిజినల్ మల్టీట్రాక్ టేపుల నుంచి ఇంజినీర్ జేమ్స్ గత్రీ కొత్తగా మిక్స్ చేశాడు. మొదట 2003లో ఎస్ఏసీడీ మీద వచ్చింది. వండిన బిర్యానీలోంచి మసాలా ఏరడం వేరు, బియ్యం కడగడం నుంచి మళ్లీ మొదలుపెట్టడం వేరు. గత్రీది రెండోది.

పైగా ఈ బ్యాండ్‌కి సరౌండ్ పిచ్చి మొదటి నుంచీ ఉంది. 1967లోనే లండన్ క్వీన్ ఎలిజబెత్ హాల్ కచేరీలో జనం చుట్టూ స్పీకర్లు పెట్టి, ఒక జాయ్‌స్టిక్‌తో శబ్దాన్ని తిప్పారు. ‘టైమ్’ పాట మొదట్లో గడియారాలన్నీ ఒక్కసారిగా మోగుతాయి కదా, వాటిని ఇంజినీర్ అలన్ పార్సన్స్ పాత గడియారాల షాపులో రికార్డ్ చేసింది అసలు ఈ ఆల్బమ్ కోసం కాదు, నాలుగు స్పీకర్ల క్వాడ్రాఫోనిక్ పద్ధతిని డెమో చేయడానికి. ఆల్బమ్ వచ్చిన ఏడాదే ఆయన క్వాడ్ మిక్స్ కూడా చేశాడు. అంటే మనం ఇన్నాళ్లూ ఇయర్‌బడ్స్‌లో వింటున్నది నాలుగు మూలల కోసం పుట్టిన శబ్దాన్ని.

‘మనీ’తో మొదలుపెట్టాను. క్యాష్ రిజిస్టర్, చిల్లర గలగల, చిరిగే కాగితం... రోజర్ వాటర్స్ టేపు ముక్కలు కొలిచి, కోసి, అతికించి చేసిన లూప్ ఇది. స్టీరియోలో ఎడమ, కుడి అంతే. ఇక్కడ ఒక్కో దెబ్బ ఒక్కో మూల నుంచి వస్తుంది. ఏడు దెబ్బల లెక్క, మన మిశ్ర చాపులాగా. గిటార్ సోలోకి వచ్చేసరికి నాలుగుకి మారిపోతుంది, అక్కడ గది మొత్తం నిండిపోయింది. ‘ఆన్ ద రన్’లో సింథసైజర్ నా వెనక నుంచి తిరిగొస్తే నిజంగానే తల తిప్పాను.

అప్పుడు నాయిన లోపలికొచ్చాడు. ఇక్కడే ఒక ఫ్యాక్టరీ ప్రెస్ షాప్‌లో 26 ఏళ్లు చేసి రిటైరయ్యాడు. మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టి ‘టైమ్’ పెట్టాను. గడియారాలు మోగాయి. రెండోసారి పెట్టమన్నాడు.

“గా వెనక కుడి డబ్బా మోగుతలేదు రా.”

“మోగుతుంది నాయినా, నాకు వినిపిస్తుంది కదా.”

“లేదు. చూసుకో.”

వైర్ ఊడిందేమో అని చూశాను. రిసీవర్ టెస్ట్ టోన్ పెట్టి ఆయన కుర్చీ దగ్గర ఫోన్‌లో డెసిబెల్ యాప్‌తో కొలిస్తే వెనక రెండూ సమానంగానే చూపించాయి. స్పీకర్లు అటూ ఇటూ మార్చినా అదే మాట. మనకి ఆఫీసులో అలవాటే కదా, బగ్ దొరకకపోతే ఒక్కో భాగం మార్చి చూడటం. ఇక మార్చడానికి మిగిలింది వినే మనిషే. కుర్చీ తిప్పి, గోడ వైపు ముఖం పెట్టి కూర్చోమన్నాను. మళ్లీ అదే ట్రాక్.

“ఇప్పుడు గది మోగుతుంది. ముంగట ఉన్న ఎడమది పోయింది.”

అలా కూర్చున్నప్పుడు ముందు ఎడమ స్పీకర్ ఆయనకి వెనక కుడివైపు ఉంటుంది. అంటే లోపం స్పీకర్‌తో పాటు కదలలేదు, ఆయనతో పాటు కదిలింది. ప్రెస్ ఎప్పుడూ కుడి చేతివైపే ఉండేదని అప్పుడు చెప్పాడు, అదేదో మామూలు విషయంలాగా.

రామచంద్రాపురంలో ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర ఆడియోగ్రామ్ తీయించాం. కింది ఫ్రీక్వెన్సీలు రెండు చెవుల్లోనూ ఫర్వాలేదు. 4000 హెర్ట్జ్ దగ్గర కుడి చెవి గీత 70 డెసిబెల్స్‌కి దిగిపోయింది, ఎడమది 45. శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపం సాధారణంగా మొదట ఇక్కడే దెబ్బ కొడుతుందట. గడియారాల టిక్‌టిక్, చిల్లర మోత, మన మాటల్లో ‘స’, ‘త’ లాంటి ధ్వనుల చురుకుదనం ఎక్కువగా ఉండేది ఈ పై ఫ్రీక్వెన్సీల్లోనే. భోజనాల దగ్గర అమ్మ కుడివైపు కూర్చుని పిలిస్తే పలకడు, పట్టించుకోడు అని ఎన్నేళ్లు తిట్టిందో. నేనూ అన్నాను.

మన దేశంలో ఫ్యాక్టరీలకి ఎనిమిది గంటల షిఫ్ట్‌కి 90 డెసిబెల్స్ హద్దు. ఇయర్‌ఫోన్స్ విషయంలో డబ్ల్యూహెచ్‌ఓ పెద్దలకి చెప్పేది వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. కంపెనీ బస్సు రొదని మించాలని బడ్స్ వాల్యూమ్ చివరిదాకా పెంచే నేను దీని మీద ఇంకేం మాట్లాడను. ఏఎన్‌సీ ఉన్నవి కొన్నాను, వాల్యూమ్ సగం దాటట్లేదు.

డిస్క్ సంగతికొస్తే, అయిదు స్పీకర్లున్నవాళ్లు తప్పక వినాలి. సోఫా గోడకి ఆనించి ఉంటే ఓ రెండడుగులు ముందుకి జరపండి. వెనక స్పీకర్లని మీ చెవులకి కాస్త వెనగ్గా, పక్కలకి పెట్టండి. అన్ని లెవెల్సూ టెస్ట్ టోన్‌తో సరిచేశాకే రివ్యూ రాయండి. ‘అస్ అండ్ దెమ్’లో గొంతు ప్రతిధ్వని వెనక్కి వెళ్లడం చాలామందికి నచ్చుతుంది, నాకు మాత్రం కొంచెం ఎక్కువనిపించింది. ఒకే పొడుగు సౌండ్‌బార్‌లో ఇదంతా వస్తుందని ఆశ పెట్టుకోకండి.

నాయినకి హియరింగ్ ఎయిడ్ ట్రయల్ వచ్చే శనివారం. రిసీవర్‌లో కుడి స్పీకర్ల సౌండ్ పెంచనా అని అడిగితే వద్దన్నాడు. సినిమాల్లో మాటలు అర్థమవడానికి సెంటర్ ఒక్కటి మూడు డెసిబెల్స్ పెంచి పెట్టాను. డిస్క్ ఇంకా తిరిగివ్వలేదు. మెషిన్ పెట్టుకొని వచ్చాక ఆ గంటల పాట మళ్లీ పెట్టమన్నాడు.