ఒక్క కాయిన్‌తో ఎంత దూరం?

పాక్‌మ్యాన్, స్పేస్ ఇన్వేడర్స్, డాంకీ కాంగ్. ఈ పేర్లు వినని వాళ్ళు మన కాలేజీలో దాదాపు ఉండరు. హాస్టల్లో ఎవరి దగ్గరైనా స్విచ్చో, ప్లేస్టేషనో ఉంటే వీటిని దించుకుని ఆడి చూసినవాళ్ళూ ఉంటారు. పది నిమిషాలు ఆడాక చాలామంది అనే మాట ఒకటే: "ఇంతేనా?" ఒకప్పుడు జనం వరసలో నిలబడి, డబ్బులు పోసి ఆడిన ఆట ఇంట్లో ఎందుకింత చప్పగా ఉంటుంది?

పాతబడిపోయింది కాబట్టి అనేస్తే పని అయిపోతుంది. కానీ చదరంగం ఇంకా పాతది, అది చప్పబడలేదుగా! అసలు విషయం వేరే. ఆర్కేడ్ ఆటలో కోడ్ ఒక భాగమే. ఆ కోడ్ నడిచిన బోర్డు, అది కనిపించిన తెర, అందులో వేసిన కాయిన్ కలిస్తేనే ఆట పూర్తవుతుంది. ఇంటికొచ్చే దారిలో ఈ మూడూ మారిపోయాయి. బోర్డునూ తెరనూ ఇంజనీర్లు చాలావరకు వెనక్కి తెచ్చేశారు. మూడోది మాత్రం ఆడేవాళ్ళే తెచ్చుకోవాలి. ఎలాగో ఒక్కొక్కటే చూద్దాం.

బోర్డు నెమ్మదైతే ఆటకు వేగం వచ్చింది

స్పేస్ ఇన్వేడర్స్ 1978లో జపాన్‌లో టైటో కంపెనీ నుంచి వచ్చింది. తయారుచేసింది తొమొహిరో నిషికాడో. పైన 5 వరసల్లో 11 మంది చొప్పున 55 మంది గ్రహాంతరవాసులు. వాళ్ళు పక్కకు జరుగుతూ, అంచు తగిలినప్పుడల్లా ఒక మెట్టు కిందికి దిగుతారు. మనం కింద నుంచి కాల్చాలి. ఆడినవాళ్ళందరికీ గుర్తుండేది ఒకటుంది: శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్ళ వేగం పెరుగుతుంది. చివరివాడు పరుగే పరుగు.

ఆ పరుగు ఎక్కడి నుంచి వచ్చిందంటే, లోపలున్నది ఇంటెల్ 8080 ప్రాసెసర్, వేగం సుమారు 2 మెగాహెర్ట్జ్. 55 బొమ్మలనూ ఒకేసారి జరపడం దానివల్ల కాదు. అందుకని ప్రోగ్రామ్ ఒక్కో ఫ్రేములో ఒక్కరినే జరుపుతుంది. సెకనుకు సుమారు 60 ఫ్రేములు. 55 మంది ఉంటే ఒక్కొక్కరి వంతు దాదాపు సెకనుకు ఒకసారి వస్తుంది. పదిమందే మిగిలితే సెకనుకు ఆరుసార్లు. ఒక్కడే మిగిలితే ప్రతి ఫ్రేమూ వాడిదే! యంత్రం బలహీనత నుంచి పుట్టిన ఈ లక్షణాన్ని నిషికాడో సరిదిద్దకుండా ఉంచేశారు. అదే ఆటకు ప్రాణమైంది.

ఇప్పుడు ఇదే ఆటను మన ల్యాప్‌టాప్‌లో కొత్తగా రాస్తే 55 మందీ ప్రతి ఫ్రేములోనూ హాయిగా జరుగుతారు. ఆ కంగారు పోతుంది. కావాలంటే దాన్ని పనిగట్టుకుని మళ్ళీ రాయాలి. పాత ఆటను ఇంటికి తేవడంలో మొదటి చిక్కు ఇదే: ఏది యంత్రం లోపమో, ఏది ఆట రుచో విడదీయడం కష్టం.

128 బైట్లలో పాక్‌మ్యాన్

1977లో వచ్చిన అటారీ 2600 కన్సోల్‌లో ఉన్న ర్యామ్ 128 బైట్లు. కిలోబైట్లు కాదు, బైట్లే. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు పడుతుంది కాబట్టి అందులో 42 గుర్తులు పడతాయి. పై వాక్యం కూడా అందులో ఇమడదు. దాని తెర 160 చుక్కల వెడల్పు, 192 గీతల ఎత్తు అనుకున్నా, నలుపు తెలుపుల్లో ఒక బొమ్మను దాచడానికే 3840 బైట్లు కావాలి. కాబట్టి బొమ్మను దాచుకునే ప్రసక్తే లేదు. టీవీలో కాంతిపుంజం ఒక్కో గీత గీస్తుంటే, దానికంటే ముందే ప్రోగ్రామ్ పరిగెత్తి తర్వాతి గీతలో ఏముండాలో చెప్పాలి. కదిలే పాత్రల కోసం చిప్‌లో ఉన్నవి ప్రధానంగా రెండే రెండు బొమ్మలు.

1980లో నమ్‌కో నుంచి వచ్చిన పాక్‌మ్యాన్‌లో కదిలేవి ఐదు: మన పాక్‌మ్యాన్, నాలుగు దయ్యాలు. 1982లో అటారీ 2600కు దీన్ని తెచ్చినప్పుడు 4 కిలోబైట్ల కార్ట్రిడ్జ్‌లో సర్దారు. దయ్యాలను వంతులవారీగా గీశారు, ఒక ఫ్రేములో ఒకటి. అంటే ఒక్కో దయ్యం నాలుగు ఫ్రేములకు ఒక్కసారే కనిపించి, మిణుకుమిణుకుమంటూ ఉండేది. కొన్నవాళ్ళు తిట్టుకున్నారు. ప్రోగ్రామర్ వైపు నుంచి చూస్తే మాత్రం అన్ని దయ్యాలు కనిపించడమే గొప్ప.

ఇలా కొత్త యంత్రానికి తగ్గట్టు ఆటను మళ్ళీ రాయడాన్ని పోర్ట్ అంటారు. అందులో ఏదో ఒకటి వదులుకోక తప్పేది కాదు. 1983 జులైలో నింటెండో తన ఫామికామ్‌ను విడుదల చేసినప్పుడు దానితోపాటు వచ్చిన మూడు ఆటల్లో డాంకీ కాంగ్ ఒకటి. ఆర్కేడ్‌లో నాలుగు దశలుంటే, ఇంటికొచ్చినవి మూడే. కన్వేయర్ బెల్టుల దశ ఎగిరిపోయింది. సొంత కంపెనీ, సొంత ఆట, సొంత కన్సోల్ అయినా అంతే!

బగ్‌తో సహా తెచ్చుకోవడం

తర్వాత కన్సోళ్ళ బలం పెరిగింది. ఆటను మళ్ళీ రాసే బదులు, పాత బోర్డునే సాఫ్ట్‌వేర్‌తో అనుకరించి, అసలు ప్రోగ్రామును దానిమీద నడిపే దారి తెరుచుకుంది. అదే ఎమ్యులేషన్. 1997లో ఇటలీకి చెందిన నికోలా సల్మోరియా మొదలుపెట్టిన మేమ్ అనే ఎమ్యులేటర్ వేల ఆర్కేడ్ ఆటల దాకా విస్తరించింది. 2014 నుంచి హామ్‌స్టర్ కంపెనీ ఆర్కేడ్ ఆర్కైవ్స్ పేరుతో పాత ఆటలను అధికారికంగా ప్లేస్టేషన్ 4కు, ఆ తర్వాత స్విచ్‌కు తెచ్చింది. డాంకీ కాంగ్ ఆర్కేడ్ రూపం, నాలుగు దశలతో, 2018లో అలాగే స్విచ్‌కు వచ్చింది.

అంత కచ్చితత్వం అవసరమా అంటే, పాక్‌మ్యాన్‌నే చూడండి. నాలుగు దయ్యాలూ గుడ్డిగా తిరగవు. ఎర్రది సరిగ్గా మనమున్న గడికే గురిపెడుతుంది. గులాబీది మన ముందు నాలుగు గడుల దగ్గర కాపు కాస్తుంది. నీలిది మన స్థానాన్నీ ఎర్రదాని స్థానాన్నీ కలిపి లెక్కేస్తుంది. నారింజది దూరంగా ఉంటే మీదికొచ్చి, ఎనిమిది గడుల లోపలికి రాగానే తన మూలకు పోతుంది. దయ్యాలు భయపడి నీలంగా మారే సమయం వదిలేస్తే, వీటిలో అదృష్టానికి చోటు లేదు. మనం ఒకే దారిలో కచ్చితంగా తిరిగితే అవీ ప్రతిసారీ అలాగే తిరుగుతాయి. అందుకే ఆరితేరినవాళ్ళు దారులను ఎక్కాల్లా కంఠస్థం చేస్తారు.

ఇందులో ఓ చిన్న బగ్ కూడా ఉంది. మనం పైకి చూస్తున్నప్పుడు గులాబీ దయ్యం గురి నాలుగు గడులు పైకి మాత్రమే కాక, నాలుగు గడులు ఎడమకు కూడా జరిగిపోతుంది. కంఠస్థం చేసిన దారులన్నీ ఈ బగ్‌ను కలుపుకునే పనిచేస్తాయి. మంచి ఉద్దేశంతో ఎవరైనా దీన్ని "సరిచేస్తే" ఆ దారులన్నీ తప్పవుతాయి! ఇక 256వ లెవెల్ దగ్గర, పండ్ల బొమ్మలు గీసే భాగంలో 8 బిట్ల లెక్క 255 దాటి 0కి తిరిగిపోతుంది. తెర కుడి సగం చెత్తతో నిండి, ఆట ముందుకు సాగదు. ఫస్టియర్‌లో ఓవర్‌ఫ్లో గురించి చదువుతాం కదా, దానికి ఇంతకన్నా అందమైన ఉదాహరణ దొరకదు.

మన ఈసీఈ వాళ్ళకు నచ్చే దారి ఇంకోటుంది. మిస్టర్ అనే ప్రాజెక్టులో ఎఫ్‌పీజీఏ చిప్‌ను పాత బోర్డు సర్క్యూట్‌లాగే అమర్చి ఆటను నడుపుతారు. వెరిలాగ్ నేర్చుకుని ఏం చేయాలా అని ఆలోచించేవాళ్ళు ఒకసారి చూడాల్సిందే.

తెర కూడా లెక్కలోకే వస్తుంది

పాక్‌మ్యాన్ తెర నిలువు తెర. దాన్ని 1920 చుక్కల వెడల్పున్న టీవీలో పూర్తి ఎత్తుకు పెడితే, వెడల్పులో 810 చుక్కలే వాడుకుంటుంది. పక్కల నల్లగా ఉంటే వెలితి అనిపించి కొందరు సాగదీస్తారు. దయచేసి ఆ పని చేయకండి, గుండ్రటి పాక్‌మ్యాన్ గుమ్మడికాయ అయిపోతాడు. పాత బుడ్డి టీవీల్లాంటి పిక్చర్ ట్యూబులో చుక్కల అంచులు కొద్దిగా ఒకదాంట్లో ఒకటి కలిసేవి. బొమ్మలు గీసినవాళ్ళు ఆ మసకను లెక్కలో పెట్టుకునే గీశారు. ఇప్పటి తెరల మీద అవే బొమ్మలు ఇటుకలు పేర్చినట్టు కనబడతాయి. చాలా ఆటల మెనూలో ఉండే స్కాన్‌లైన్ ఫిల్టర్ ఇందుకే.

ఇంకా ముఖ్యమైనది ఆలస్యం. ఒక ఫ్రేము నిడివి 16.7 మిల్లీసెకన్లు. బొమ్మకు మెరుగులు దిద్దడానికి టీవీ 50 మిల్లీసెకన్లు తీసుకుంటే, మనం మీట నొక్కిన మూడు ఫ్రేముల తర్వాత గానీ ఫలితం కనిపించదు. "చేయి సరిగ్గానే నొక్కింది, వాడే గెంతలేదు" అనిపించేది ఇక్కడే. టీవీలో గేమ్ మోడ్ పెట్టుకుంటే సగం కష్టం తీరుతుంది. 90లలో మన ఇళ్ళలోకి వచ్చిన టీవీ గేముల్లో తుపాకీతో బాతులను కాల్చే ఆట, ఆ తుపాకీ చెక్కుచెదరకుండా ఉన్నా ఇప్పటి టీవీ మీద పనిచేయకపోవడానికి కారణమూ ఇదే. మీట నొక్కగానే బాతు ఉన్నచోట ఒక తెల్లటి గడి క్షణకాలం మెరుస్తుంది. ఆ వెలుగును ఆ క్షణంలోనే తుపాకీ పట్టుకోవాలి. వెలుగు ఆలస్యమైతే గురి తప్పినట్టే లెక్క.

అసలు పోయింది కాయిన్

ఆర్కేడ్ యంత్రం ఒక వ్యాపారం. అమెరికాలో పావు డాలరు, జపాన్‌లో వంద యెన్లు, మన ఊళ్ళలో టోకెన్. ఒక్క కాయిన్‌తో గంటసేపు ఆడనిస్తే యజమాని దివాలా. మొదటి నిమిషంలోనే చంపేస్తే జనం మళ్ళీ రారు. ఈ రెండింటి మధ్య సన్నటి తీగ మీద నడిచేలా ఆటను తయారుచేసేవారు. పాక్‌మ్యాన్‌లో ఎన్ని ప్రాణాలివ్వాలో బోర్డు మీది చిన్న స్విచ్‌లతో యజమానే పెట్టుకోవచ్చు.

ఇంట్లో కాయిన్ అక్కర్లేదు. ఈ తేడా ఎంత పెద్దదో చెప్పే కథ ఒకటుంది. కొనామీ కంపెనీ 1985 నాటి ఆర్కేడ్ ఆట గ్రాడియస్‌ను 1986లో ఫామికామ్‌కు తెచ్చింది. ఆ పని చేసిన కజుహిసా హషిమొటోకు ఆట మరీ కష్టంగా ఉండి, పరీక్షించడం ఇబ్బందైంది. అందుకని నొక్కగానే ఆయుధాలన్నీ ఇచ్చే రహస్య వరస ఒకటి పెట్టుకున్నారు. అది ఆటలో అలాగే ఉండిపోయింది. పైన పైన, కింద కింద, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఎ. గుర్తొచ్చిందా? కాంట్రాలో 30 ప్రాణాలిచ్చే వరస అదే! మన అన్నయ్యల తరానికి నోటికొచ్చిన ఆ మంత్రం, కాయిన్లు మింగే ఆట ఇంటికొచ్చినప్పుడు పుట్టింది.

ఇప్పటి కన్సోళ్ళలో ఆ మంత్రం కూడా అక్కర్లేదు. ఒక మీట నొక్కితే ఒక క్రెడిట్. చస్తే ఇంకోటి నొక్కు. ఇలా ఆడితే ఎంత కష్టమైన ఆటైనా కాసేపట్లో అయిపోతుంది, మనం మాత్రం ఏమీ నేర్చుకోం. "ఇంతేనా?" అనే మాట అక్కడి నుంచే వస్తుంది. ఓడితే పోయేది ఏదో ఉన్నప్పుడే ప్రతి అడుగూ ఆలోచించి వేస్తాం.

ముస్తఫా సంగతేంటి?

వీడియో గేమ్ షాపులున్న ప్రతి ఊళ్ళోనూ పసుపు టోపీవాడి ఆట గుర్తున్నవాళ్ళుంటారు. మనం ముస్తఫా అని పిలుచుకున్న ఆ ఆట అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్, 1993లో కాప్కామ్ చేసింది. ఆ రోజుల్లో అది ఏ ఇంటి కన్సోల్‌కూ రాలేదు. అదే పేరుతో 1994లో సెగా సీడీకి వచ్చింది వేరే ఆట. 2018లో కాప్కామ్ ఇలాంటి కొట్లాట ఆటలు ఏడింటిని కట్టగా అమ్మినప్పుడూ ఇది అందులో లేదు. కథ ఒక అమెరికన్ కామిక్‌ది, పేరులో ఉన్నది ఓ కార్ల బ్రాండ్. ఇలాంటి ఆటను మళ్ళీ అమ్మాలంటే ఎన్ని సంతకాలు కావాలో ఊహించుకోవచ్చు.

బోర్డులు మాత్రం ఆ సంతకాల కోసం ఆగవు. కాప్కామ్ 1993లో తెచ్చిన సీపీఎస్-2 బోర్డుల్లో, కాపీ కొట్టకుండా ప్రోగ్రామును తాళం వేసి, ఆ తాళంచెవిని బ్యాటరీతో నడిచే మెమరీలో పెట్టారు. బ్యాటరీ అయిపోతే తాళంచెవి పోతుంది, బోర్డు మూగబోతుంది. దీన్ని సూసైడ్ బ్యాటరీ అని పిలుస్తారు. కాపీరైట్ ఉన్న ఆట రోమ్‌ను పంచుకోవడం చట్టానికి ఒప్పదు. కానీ అమ్మకానికీ లేక, బోర్డూ బతక్కపోతే ఆ ఆట ఎక్కడ మిగలాలి? మేమ్ లాంటి ప్రాజెక్టుల్లో ఏళ్ళ తరబడి ఉచితంగా పనిచేస్తున్నవాళ్ళు ఈ ప్రశ్నకు తమకు చేతనైన జవాబు ఇస్తున్నారు.

మరి ఎలా ఆడాలి?

ముందు పోర్ట్ కాకుండా ఆర్కేడ్ రూపమే ఎంచుకోండి. టీవీలో గేమ్ మోడ్ పెట్టండి, తెరను సాగదీయకండి. ఆ తర్వాత ఒకే ఒక్క నియమం: రోజుకు ఒక్క క్రెడిట్. ఆట ముగిస్తే ముగిసినట్టే. ఆర్కేడ్ ఆర్కైవ్స్‌లోని హై స్కోర్ మోడ్‌లో సెట్టింగులు మార్చే వీలు లేకుండా అందరూ ఒకే నిబంధనలతో పోటీపడతారు. క్యారవాన్ మోడ్‌లో ఉండేది 5 నిమిషాలే. రెండూ కాయిన్ విలువను వెనక్కి తెచ్చే ప్రయత్నాలే. ఒక్క క్రెడిట్‌తో ఆటను చివరిదాకా ముగించడాన్ని వన్ క్రెడిట్ క్లియర్ అంటారు, దానికోసం నెలలు సాధన చేసేవాళ్ళున్నారు.

ఇంకో మాట. షాపులో ఆడేవాడి వెనక నలుగురు నిలబడి చూసేవాళ్ళు, "ఒరేయ్, కింద నుంచి వస్తున్నాడు చూడు" అని అరిచేవాళ్ళు. ఆట సగం అలాగే నేర్చుకునేవారు. హాస్టల్లో ఆ నలుగురికీ కొరత లేదు. ఒక కంట్రోలర్, గోడ మీద ఒక స్కోరు కాగితం, మనిషికి ఒక్క ఛాన్స్. వారం రోజులు ఇలా ఆడాక పాక్‌మ్యాన్ గురించి మీ మాటేంటో చెప్పండి.