ఎండ వచ్చే వైపే నీడ ఒడ్డు

కాలిఫోర్నియా కొండ సరస్సుల్లో చిన్నపిల్లలతో గాలం వేయాలంటే, ఏ సరస్సు అన్నదానికన్నా ఏ ఒడ్డు అన్నదే పెద్ద ప్రశ్న

‘పిల్లల్ని తీసుకెళ్లదగ్గ పది కొండ సరస్సులు. ఫొటోలతో సహా శుక్రవారం సాయంత్రానికల్లా’ అన్నారు సంపాదకులు. వేసవి సంచిక ముఖచిత్రం మరి. బడులు మూయగానే బే ఏరియా తెలుగు కుటుంబాలు సియెర్రా నెవాడా దారి పడతాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మా తాతయ్యా కూడా బండిలో ఉంటారు. జాబితా అడగడంలో తప్పులేదు. ఆ జాబితాల మీద నాకే నమ్మకం లేదు. ‘చక్కటి నీడ’ అని రాసేవాళ్లు ఎన్నింటికి వెళ్లారో, ఏ ఒడ్డున కూర్చున్నారో చెప్పరు. తొమ్మిదింటికి చల్లగా ఉన్న బండ ఒంటిగంటకల్లా పెనమైపోతుంది.

పది పేర్ల కోసం వెతుకుతుంటే ఒక మ్యాపు దొరికింది. ఇక దాన్ని వదల్లేదు. యూఎస్ జియోలాజికల్ సర్వే వాళ్ల టోపో షీటు అది, ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. అంగుళానికి రెండు వేల అడుగులు. నీళ్లు నీలం, కొండ వాలు చూపే కాంటూరు రేఖలు గోధుమరంగు, అడవి లేత ఆకుపచ్చ. ఆ ఆకుపచ్చ ఎక్కడ పూయాలన్నదానికి సర్వే వాళ్ల పాత నిబంధన ఒకటుంది: మొక్కలు కనీసం ఆరడుగులుండాలి, సైనికులు దాక్కునేంత దట్టంగా ఉండాలి. పటాలాలను దాచడానికి పెట్టిన కొలత, నాలుగేళ్ల పిల్లకు ఎండ తగలకుండా కూర్చునే చోటు వెతకడానికీ పనికొస్తోంది.

షీటు మీద కాన్విక్ట్ లేక్ చూడండి. మామత్ లేక్స్ ఊరికి దగ్గర్లో, సముద్రమట్టానికి 7,580 అడుగుల ఎత్తున ఉంటుంది. ఉత్తరపు ఒడ్డు దాదాపు తెల్లగా కనిపిస్తుంది. సేజ్ పొదలే తప్ప తలదాచుకోవడానికి ఏమీ లేదు. దక్షిణపు ఒడ్డున, ఏరు వచ్చి కలిసే కొస దగ్గర, ఆకుపచ్చ నీళ్ల దాకా దిగుతుంది. అక్కడ ఆస్పెన్, కాటన్‌వుడ్ చెట్లున్నాయి. నీడ ఎక్కడుందో ఇంత సులువుగా తేలిపోయిందనుకున్నాను. కానీ షీటు మీద సూర్యుడు ఉండడు కదా.

హైదరాబాద్‌లో మే రెండోవారం నుంచి ఆగస్టు మొదలు దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. నీడ చెట్టు మొదట్లోనే పడుతుంది, ఏ పక్కన కూర్చున్నా పెద్ద తేడా ఉండదు. ఆ అలవాటు సియెర్రాలో చెల్లదు. అక్కడ సూర్యుడు ఎప్పుడూ నెత్తికి దక్షిణంగానే దాటుతాడు. గడియారాలు గంట ముందుకు జరిపి ఉంటాయి కాబట్టి ఆ దాటడం కూడా పన్నెండుకు కాదు, ఒంటిగంట ప్రాంతంలో. అంటే మధ్యాహ్నం దక్షిణపు ఒడ్డున చెట్లను వీపు వెనక పెట్టుకుని కూర్చుంటే, నీడ మీ మీదుగా నీళ్లలోకి జారుతుంది. ఉదయం తూర్పు ఒడ్డు, సాయంత్రం పడమటి ఒడ్డు. ఎండ ఎటు నుంచి వస్తోందో ఆ ఒడ్డే నీడ ఒడ్డు. వినడానికి తిరకాసుగా ఉంటుంది గానీ కాగితం మీద గీసి చూస్తే పిల్లలకే ముందు అర్థమవుతుంది.

పొడవు లెక్క కూడా చూడాలి. జూన్ చివర్లో అరవై అడుగుల పైన్ చెట్టు ఉదయం తొమ్మిదికి దాదాపు ఎనభై అడుగుల నీడనిస్తుంది. ఒంటిగంటకు అది పదిహేను అడుగులకు ముడుచుకుపోతుంది. పదిహేను అడుగుల్లో చెట్టు కిందే కూర్చుని పిల్లాడు గాలం వెనక్కి ఊపాడంటే కొక్కెం కొమ్మకు చిక్కుతుంది. అప్పుడు విసరడం మానేసి, బెండు కట్టి కాళ్ల ముందే జారవిడవాలి. ఆ వేళకు ట్రౌట్ ఎలాగూ ఒడ్డున ఉండదు. పది నుంచి పదహారు డిగ్రీల సెల్సియస్ నీళ్లు దానికి హాయి, ఒడ్డు వేడెక్కితే లోతుకు పోతుంది. ఉదయమూ సాయంత్రమూ మాత్రం నీడ పొడవుగా ఉంటుంది, చేపా ఒడ్డుకొస్తుంది. ఇంకో లాభం: ఎండలో నిలబడి ఎగిరే పిల్లల నీడ నీళ్ల మీద కదిలితే చేప బెదిరి పారిపోతుంది. చెట్టు నీడలో వాళ్ల నీడ కలిసిపోతుంది.

పేచీ కాంటూరు రేఖల దగ్గర మొదలవుతుంది. రేఖలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నీళ్లలోకి దిగితే అక్కడ కొండ నిటారు. నీడ బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ నీటి అడుగున కూడా అదే వాలు కొనసాగే అవకాశం ఎక్కువ. కాన్విక్ట్ లేక్ లోతు 140 అడుగులంటారు. కాలు జారితే మంచునీళ్లు. అందుకే నా ఓటు ఏరు కలిసే చోటుకు. ఏరు తెచ్చిన మట్టి, ఇసుక అక్కడ పరుచుకుని నేల చదునవుతుంది. చల్లటి, ప్రాణవాయువు నిండిన నీటి కోసం చేపలూ వస్తాయి. జూన్‌లో మంచు కరిగి ఏరు ఉరుకుతున్నప్పుడు మాత్రం ప్రవాహానికి దూరంగా, పక్కనున్న నిలకడ నీళ్ల దగ్గర కూర్చోవాలి. కార్లు ఆపే చోటి నుంచి అక్కడికి నడక ఉంది. మూడేళ్లవాణ్ణి భుజాన వేసుకోవడానికి సిద్ధపడే వెళ్లండి.

షీటు అబద్ధం కూడా చెబుతుంది. ఆకుపచ్చ పూసిన నాటికీ నేటికీ మధ్య కరువు, బెరడు పురుగులు, కార్చిచ్చులు వచ్చాయి. 2021 కాల్డర్ మంటల్లో తాహో సరస్సుకు దక్షిణాన ఎంతో అడవి కాలిపోయింది. మ్యాపులో పచ్చగా ఉన్నచోట నల్లటి మోళ్లు నిలబడి ఉండొచ్చు. వాటికి నీడా ఉండదు, గాలికి కూలే ప్రమాదమూ ఉంటుంది. బయల్దేరే ముందు ఈమధ్య తీసిన ఉపగ్రహ చిత్రంతో సరిచూసుకోవాలి.

చరిత్ర రెండు ముక్కల్లో: 1871లో కార్సన్ సిటీ జైలు నుంచి పారిపోయిన ఖైదీల వల్ల కాన్విక్ట్ లేక్‌కు ఆ పేరొచ్చింది. వాళ్లను తరుముతూ కాల్పుల్లో చనిపోయిన మారిసన్ పేరు పక్క కొండకు పెట్టారు. సియెర్రా ఎత్తుల్లోని సరస్సుల్లో చాలావాటికి మొదట్లో చేపలే లేవు. జలపాతాలు దాటి రాలేకపోయాయి. పంతొమ్మిదో శతాబ్దం నుంచి కంచరగాడిదల మీద, తర్వాత విమానాల్లోంచి మనుషులే దింపారు. దాంతో పసుపు కాళ్ల కొండ కప్పలు కరిగిపోయి, 2014లో అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాకెక్కాయి. నేషనల్ పార్కుల్లో కొన్ని సరస్సుల నుంచి ట్రౌట్‌ను తీసేస్తున్నారు కూడా.

తాతయ్యకు లైసెన్సు
కాలిఫోర్నియాలో పదహారేళ్ల లోపు వాళ్లకు చేపల లైసెన్సు అక్కర్లేదు. మనవడి కోసమని తాతయ్య గాలం విసిరితే మాత్రం ఆయనకు కావాలి. ఏటా రెండు శనివారాలు అందరికీ మినహాయింపు.

చల్లగాలి మోసం
ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు పదిశాతం పెరుగుతుంది. గాలి చల్లగా ఉంటుంది గనక చర్మం కాలుతున్నట్టు తెలియదు. నీడలోనూ టోపీ, పొడుగు చేతుల చొక్కా ఉండాల్సిందే.

లైఫ్ జాకెట్
కదులుతున్న చిన్న పడవలో పదమూడేళ్ల లోపు పిల్లలకు చట్టప్రకారం తప్పనిసరి. ఒడ్డున చట్టం అడగదు. ఐదేళ్ల లోపు వాళ్లకు ఒడ్డునా తొడగండి.

పులిహోర, ఎలుగుబంటి
పులిహోర డబ్బా, పెరుగన్నం, ఎర డబ్బా, ఏదీ కారులో వదలొద్దు. వాసన పట్టి ఎలుగుబంటి తలుపు ఊడబీకుతుంది. క్యాంపు స్థలాల్లో ఇనప పెట్టెలుంటాయి, అన్నీ అందులో పెట్టి గొళ్లెం వేయండి.