ఎడమకి... ఇంకో అడుగు ఎడమకి!

‘నైట్‌మేర్’ అనే టీవీ ఆట పేరు చెప్పగానే ఎవరైనా మొదట ఎత్తేది కంప్యూటర్ బొమ్మల సంగతే. సంపాదకులు అడిగిందీ అదే: ఎనభైల చివర్లో బ్రిటన్ పిల్లల టీవీలో ఆ ఆట జరిగే మాయాకోటని ఎలా కట్టారో రాయమని. కట్టిన తీరు గొప్పదే, కాదనలేం. కానీ ఆ ఆట అభిమానులు, ఇప్పుడు నడివయసు దాటుతున్నవాళ్లు కూడా, ఇంకా దేని మీద వాదించుకుంటున్నారో చూస్తే బొమ్మల్ని పక్కన పెట్టి కొమ్ములున్న ఒక శిరస్త్రాణం గురించి రాయడమే న్యాయమనిపిస్తుంది.

ఆట ఇదీ. జట్టుకి నలుగురు పిల్లలు. ఒకరి నెత్తిన ఆ శిరస్త్రాణం పెడతారు. అది కళ్ల మీదికి దిగిపోతుంది. కాళ్ల దగ్గరున్నదీ, బల్ల మీద చేతికందేదీ తప్ప మరేమీ కనపడదు. మిగతా ముగ్గురూ కోట అధిపతి ట్రెగార్డ్ పక్కన కూర్చుని, తెర మీద చూస్తూ దారి చెప్పాలి. మూడు అంచెలు దాటి, వెతకడానికి వచ్చినదాన్ని సాధించి బయటపడాలి. నిజానికి నడిచేవాడి చుట్టూ ఏమీ లేదు. అదంతా నీలి గది, మన సినిమావాళ్లు బ్లూ మ్యాట్ అంటారే, అదే. డేవిడ్ రో చేత్తో వేసిన నేలమాళిగల బొమ్మల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, నీలం ఉన్న చోటల్లా వాటిని నింపేవారు. తెర ముందున్న ముగ్గురికీ, ఇంట్లో చూసే పిల్లలకీ అగాధాలూ గోడల్లో మాట్లాడే రాక్షస ముఖాలూ కనపడేవి. లోపల ఉన్నవాడు తలెత్తితే మాత్రం ఉత్త నీలి గోడలే. ఆ గోడలు కంటపడితే భయం పోతుంది, ఆట చెడుతుంది. శిరస్త్రాణం పుట్టింది అందుకు. సాంకేతిక లోపాన్ని దాచడానికి వేసిన మూత ఆటకి ప్రాణమై కూర్చుంది. మన కళ్లగంతలాటలో గంతలు కట్టుకున్నవాణ్ణి తక్కినవాళ్లు ఏడిపిస్తారు. ఇక్కడ తక్కినవాళ్లే వాణ్ణి బతికించాలి. తేడా అంతా అక్కడుంది.

నా వాదన ఒక్కటే. ఈ ఆట పరీక్షించింది ధైర్యాన్ని కాదు, పుస్తకాల తెలివిని అంతకన్నా కాదు. తనకి కనపడుతున్నదాన్ని కనపడనివాడికి చెప్పడం వచ్చా రాదా అన్నదే పరీక్ష. “కొంచెం జరుగు” అంటే ఎంత? “ఎడమకి” అంటే ఎవరి ఎడమ? వాడు తెర వైపు తిరిగి ఉంటే మన ఎడమ వాడి కుడి అవుతుంది. ముగ్గురూ ఒక్కసారే అరిస్తే వాడు ఎవరి మాట వినాలి? రంపపు చక్రాలు ఎదురొచ్చే నడవలో ఈ సందేహాలు తీర్చుకునే తీరికుండదు. మంత్రం వెయ్యాలన్నా దాని పేరుని అక్షరం అక్షరం విడదీసి పలకాలి. ఒక్క అక్షరం జారితే మంత్రం పారదు. అభిమానులు నేటికీ తలుచుకునే చావులు గుర్తు చేసుకోండి. భూతం మింగినవాటి కన్నా, తోటివాడు కుడీ ఎడమా తారుమారు చేస్తే అంచు దాటి జారినవాటి గురించే ఎక్కువ చెప్పుకుంటారు.

చరిత్ర క్లుప్తంగా: టిమ్ చైల్డ్ సృష్టి, నార్విచ్‌లోని ఆంగ్లియా టెలివిజన్ నిర్మాణం. స్పెక్ట్రమ్ కంప్యూటర్ మీద ఆడే ‘అటిక్ అటాక్’ లాంటి ఆటలు ప్రేరణ. 1987 సెప్టెంబరు 7న మొదలై 1994 నవంబరు దాకా ఎనిమిది సిరీస్‌లు, 112 భాగాలు. ట్రెగార్డ్‌గా మొదటి నుంచి చివరిదాకా హ్యూగో మయట్.

“ఇదంతా బాగానే ఉంది, కానీ ఆట న్యాయంగా జరిగిందా?” అన్నది పాత పేచీ. ఎనిమిది సిరీస్‌లలో గెలిచిన జట్లు ఎనిమిదే; మొదటి సిరీస్‌లో ఒక్కరూ గెలవలేదు. పైగా సిరీస్ చివర్లో వచ్చిన జట్టు ఎంత బాగా ఆడుతున్నా, భాగాలు అయిపోతే కాలం తలకిందులైందని చెప్పి పంపించేసేవారు. ఈ చివరిదానికి నా దగ్గర సమర్థన లేదు. అది అన్యాయమే, మాంత్రిక భాషలో చెప్పినంత మాత్రాన ఒప్పైపోదు. మొదటి లెక్క మాత్రం వేరు. రాక్షస ముఖం అడిగిన పొడుపుకథలన్నీ విప్పిన జట్టు, పక్క గదిలో మిత్రుణ్ణి సరిగ్గా నిలబెట్టలేక పోగొట్టుకోవడం అన్యాయం కాదు. ఆట అడిగింది అదే, వాళ్ల దగ్గర లేనిదీ అదే. గెలుపు అరుదు కావడం వల్లే చూసేవాళ్లకి ప్రతి అడుగూ లెక్కలోకి వచ్చింది. పిల్లల కార్యక్రమాల్లో అందరికీ ఏదో ఒక బహుమతి చేతిలో పెట్టి పంపే మర్యాదని ఇది పాటించలేదు. పిల్లలు దాన్ని క్రూరత్వమనుకోలేదు. వచ్చే వారం మళ్లీ చూశారు.

ఇంకో అభ్యంతరం బలమైనది: జనాన్ని కట్టిపడేసింది మాటలు కాదు, బొమ్మలేనని. దీనికి ఆ కార్యక్రమమే జవాబు చెప్పింది. 1990లో నాలుగో సిరీస్ నుంచి గీసిన బొమ్మల పక్కన అసలైన కోటల చిత్రాలు చేరాయి. గది నుంచి గదికి మధ్య ప్రయాణాన్ని సినిమాలా చూపే ‘కంటి డాలు’ వచ్చింది. నిజంలా కనపడ్డం పెరిగింది. అయినా అభిమానుల్లో చాలామంది రో గీసిన గదులకే ఓటేస్తారు. ఇది చిన్ననాటి బెంగ అని కొట్టిపారేయొచ్చు, కొంత నిజమే కూడా. కానీ కంటి డాలు ఎత్తినంతసేపూ ముగ్గురు స్నేహితులకీ పని లేదు, అందరూ ఊరికే చూడ్డమే. ఆట ఆ కాసేపు ఆగిపోయినట్టే. ఎదురు నిదర్శనం 2013లో ఎడిన్‌బరోలో మొదలైన రంగస్థల రూపం. అక్కడ నీలి గదీ లేదు, అందులో నింపే బొమ్మలూ లేవు. ప్రేక్షకుల్లోంచి ఒకర్ని పిలిచి నెత్తిన శిరస్త్రాణం పెట్టారు. దారి చెప్పే పని హాస్యనటులది. బొమ్మలన్నీ తీసేసినా ఆట నిలబడింది. మరి శిరస్త్రాణం తీసేసి ఒక్కసారి ఊహించి చూడండి: బల్ల మీది వస్తువులు ఏరుకుంటూ గదులు దాటే పిల్లాడొకడు మిగులుతాడు. అలాంటివి టీవీలో బోలెడు.

కొసరు ముచ్చట్లు

మొదటి సిరీస్‌లలో లోపల నడిచేవాడి ఆయువు లెక్క చూపే గడియారం ఒక యోధుడి తల. కవచం రాలి, చర్మం ఊడి, చివరికి పుర్రె మిగిలేది. తిండి దొరికితే సంచిలో వేసుకోవాలి, అప్పుడే ఆయువు మళ్లీ నిండుతుంది. ఇదంతా పిల్లలు బడి నుంచి ఇంటికొచ్చే వేళకి ప్రసారం! ఆ వారం భాగం ముగిసేసరికి ఆట సగంలో ఉంటే అందర్నీ ఉన్నచోటే శిలల్లా ఆపేసి, పై వారం అక్కణ్ణుంచే మొదలుపెట్టేవారు. ప్రతినాయకుడు లార్డ్ ఫియర్ అయిదో సిరీస్‌లో వచ్చాడు. డేవ్ మోరిస్ ఈ కోట మీద, పాఠకుడే దారి ఎంచుకునే పుస్తకాలు రాశాడు. ఫ్రాన్స్, స్పెయిన్ తమ తమ భాషల్లో ఈ ఆటని తీసుకున్నాయి. 2013లోనే యూట్యూబ్ కోసం ఒకే ఒక్క కొత్త భాగం తీశారు, మళ్లీ హ్యూగో మయట్‌తోనే.