అమ్మాయి చర్చి యువతతో విదేశానికి వెళ్తోందా?

ఆదివారం ఆరాధన ముగిశాక యువజన సంఘం వాళ్లు ప్రకటన చదువుతారు: "విదేశానికి సేవాయాత్ర. రాదలచినవాళ్లు పేర్లు ఇవ్వండి." అమ్మాయి అక్కడికక్కడే పేరు ఇచ్చేస్తుంది. ఇంటికొచ్చి సంబరంగా చెబుతుంది. నాన్న "చూద్దాంలే" అంటూ పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంటాడు. ఇక ఆ 'చూడటం' అంతా ఎవరిమీద పడుతుందో వేరే చెప్పాలా? మీ మీదే!

మొన్నామధ్య నెల్లూరు దగ్గర మైపాడు వెళ్లినప్పుడు ఒక చెల్లెలు నన్ను ఇదే అడిగింది. సముద్రం ఒడ్డున పుట్టి, ఆ ఒడ్డునే కాపురం చేస్తున్న మనిషి. "మా ఇంట్లో మగాళ్లు వేటకి పోతే ఏం కట్టి పంపాలో నాకు తెలుసక్కా. ఈ పిల్ల దేశాలు దాటి పోతానంటోంది. దీనికేం కట్టి పంపేది?" అంది.

నాకు నవ్వొచ్చింది. కానీ ఆలోచిస్తే ఆమెకు జవాబు ముందే తెలుసు. పడవ ఎవరిదో, తోడు ఎవరు వెళ్తున్నారో, ఎప్పుడు తిరిగొస్తారో తెలుసుకోకుండా ఏ ఇల్లాలైనా తన మనిషిని సముద్రం మీదికి పంపుతుందా? అమ్మాయి విషయంలోనూ అంతే. సద్ది మూట సంగతి ఆ తర్వాత.

ఈ దారి కొత్తదేం కాదు

ముందు ఒక పాత కథ చెప్పనివ్వండి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే నెల్లూరులో పని మొదలుపెట్టింది 1840లో. అప్పట్లో మిషనరీ అంటే ఎక్కడినుంచో మన దగ్గరికి వచ్చే తెల్లదొరే. అరవై ఏళ్లు తిరిగేసరికి కథ మారింది. 1903లో తెలుగు బాప్టిస్టుల హోం మిషన్ సొసైటీ జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పంపింది. అంటే మనవాళ్లే మన మనిషిని పరదేశానికి పంపారన్నమాట.

అక్కడే ఎందుకంటారా? 1860లో మద్రాసు రేవునుంచి మొదటి ఓడ డర్బన్ చేరింది మొదలు, 1911 వరకు లక్షా యాభై వేల మందికి పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా నేటాల్ వెళ్లారు. చెరకు తోటలు, తేయాకు తోటలు, బొగ్గు గనులు, రైలు పట్టాలు... వాళ్లు చేయని చాకిరీ లేదు. వాళ్లలో తెలుగువాళ్లు బోలెడు మంది. తమ భాషలో ప్రార్థన చేసేవాళ్లు, మంచీచెడూ వినేవాళ్లు కావాలనుకున్నారు. రంగయ్యగారు వెళ్లిన ఏడాదే, డిసెంబరులో, కీర్స్‌నీ అనే తేయాకు తోట దగ్గర తెలుగు సంఘం ఏర్పడింది. 1915లో కన్నుమూసేదాకా ఆయన ఆ ప్రజలకే సేవ చేశారు.

కాబట్టి "మనకెందుకీ విదేశాలు?" అని ఎవరైనా దీర్ఘం తీస్తే, ఈ కథ చెప్పండి. ఈ దారి నూటపాతికేళ్ల నాటిది. ఈ వ్యాసంలో కూడా డర్బన్ వైపు వెళ్లే పిల్లలనే ఉదాహరణగా తీసుకుందాం.

పడవ ఎవరిది?

చర్చి పేరు చెప్పగానే కాదనడానికి మనకు నోరు రాదు. నిజమే, కానీ చర్చి పేరు చెప్పి మోసం చేసేవాళ్లూ ఉంటారు. సేవాయాత్ర అని తీసుకెళ్లి, "అక్కడే పని ఇప్పిస్తాం, ఉండిపో" అనే మాట మధ్యలో వినబడిందంటే అక్కడితో ఆపేయండి. సిగ్గుపడకుండా ఇవన్నీ అడగండి:

* పిలుస్తున్న చర్చి ఏది? దాని ఆహ్వానపత్రం మీ కళ్లతో చూశారా? ఆ చర్చి పెద్దలతో మీరే ఒకసారి ఫోన్‌లో మాట్లాడగలరా?
* అమ్మాయిలకు తోడుగా వెళ్లే పెద్దావిడ ఎవరు? 'యువజన నాయకుడున్నాడుగా' అంటే చాలదు. ఆడపిల్లలకు ఆడమనిషి తోడుండాల్సిందే.
* రాత్రి బస ఎక్కడ? ఎవరింట్లోనైనా అయితే, ఒక్క అమ్మాయిని ఒంటరిగా ఉంచుతారా, ఇద్దరినా?
* తిరుగు టిక్కెట్టు ముందే కొన్నారా? దాని నకలు మీ దగ్గరుందా?
* కట్టిన ప్రతి రూపాయికి రసీదు ఇస్తున్నారా?
* పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది? "భద్రంగా మేమే ఉంచుతాం" అంటే ఒప్పుకోవద్దు. అది అమ్మాయి దగ్గరే ఉండాలి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మైపాడులాంటి ఊళ్లలో ఆ రెండు నెలలూ ఇల్లు గడవడమే గగనం. సరిగ్గా ఆ రోజుల్లోనే 'మిగతా డబ్బు కట్టండి' అంటే గాజులు తాకట్టుకు పోతాయి. వాయిదాలు అంతకుముందే తీరిపోయేలా చూడమని సంఘాన్ని మొదట్లోనే అడగండి. అప్పు చేసి పంపే యాత్ర వద్దు. వచ్చే ఏడాది వెళ్లొచ్చు, సముద్రం ఎక్కడికీ పోదు!

కాగితాల్లో పేరు ఒకటేనా?

మన ఇళ్లలో వచ్చే పెద్ద చిక్కు ఇదే. బాప్తిస్మంలో ఒక పేరు, బడిలో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు. చర్చిలో అందరూ మేరీ అంటారు, పదో తరగతి సర్టిఫికెట్టులో మరొకటి ఉంటుంది. ఆహ్వానపత్రంలో ఒక పేరు, పాస్‌పోర్టులో వేరొక పేరు ఉంటే వీసా ఆఫీసులో మొదటి ప్రశ్న అదే వస్తుంది. కాబట్టి పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్లు, ఇంటిపేరు అక్షరాలతో సహా, ఆహ్వానంలో రాయించండి. పాస్‌పోర్టుకు పోలీసు విచారణ ఉంటుంది. ఆ రోజు ఇంట్లో ఎవరూ లేకపోతే పని వెనకపడుతుంది. ప్రయాణానికి ఆరు నెలల ముందే మొదలుపెట్టడం మేలు.

దక్షిణాఫ్రికాకు మనవాళ్లకు వీసా కావాలి. దరఖాస్తులో వెళ్తున్న పని ఉన్నది ఉన్నట్లు రాయాలి. చుట్టపుచూపుగా వెళ్లి ప్రార్థనలో కూర్చోవడం వేరు, బోధించడానికీ సేవ చేయడానికీ వెళ్లడం వేరు. 'టూరిస్టు అని రాసేయండి, ఎవరు చూస్తారు?' అనే సలహా వినకండి. దేవుడి పనికి వెళ్తూ మొదటి కాగితంలోనే అబద్ధం రాయడం ఏం బాగుంటుంది? అమ్మాయికి పద్దెనిమిదేళ్లు నిండకపోతే జనన ధ్రువపత్రంతోపాటు తల్లిదండ్రులిద్దరి అనుమతిపత్రం కూడా అవసరమవుతుంది.

అన్ని కాగితాలూ మూడేసి నకళ్లు తీయించి, ఒకటి పెట్టెలో, ఒకటి తోడు వెళ్లే పెద్దావిడ దగ్గర, ఒకటి మీ బీరువాలో పెట్టండి.

మందులు, పెట్టె

నెల ముందే డాక్టరుకు చూపించండి. విమానం ఏ దేశంలో ఆగి వెళ్తుందో కూడా చెప్పండి. ఎల్లో ఫీవర్ ఉన్న ఆఫ్రికా దేశాల మీదుగా వెళ్లొస్తే ఆ టీకా పత్రం అడగవచ్చు. అది లేకుండా తిరిగొస్తే మన దేశంలోనే ఆరు రోజుల దాకా విడిగా ఉంచేస్తారు. రోజూ వేసుకునే మాత్రలుంటే చీటీతో సహా, అట్టలు చింపకుండా పెట్టండి. నెలసరి రోజులు ప్రయాణంలో పడతాయేమో లెక్కచూసి, కావలసినవి ఇక్కడే కొనివ్వండి.

మనకు ఎండలు మండే రోజుల్లో అక్కడ చలికాలం మొదలవుతుంది. జూన్, జూలైల్లో డర్బన్‌లో గడ్డకట్టే చలి ఉండదుగానీ, మైపాడు పిల్లకు అదే ఎక్కువ! ఒక స్వెట్టరు, సాక్సులు పెట్టండి. మన ఫ్రిజ్‌కు ఉండే పెద్ద మూడు పిన్నుల ప్లగ్గే అక్కడ మామూలు ప్లగ్గు. ఫోను చార్జరుకు తగిన అడాప్టరు కొనివ్వండి.

ఇక తిండి. నేను చేసిన తప్పు మీరు చేయకండి. మా మేనకోడలు వెళ్లేటప్పుడు సీసా నిండా ఆవకాయ పెట్టిచ్చాను. మూత వదులై నూనె కారి, ఆరాధనకు కట్టుకోవాలని దాచుకున్న తెల్లచీర ఎర్రచీరైంది! పచ్చళ్లూ, కారప్పొడీ చేతిసంచిలో పెడితే విమానాశ్రయంలో తీసేస్తారు. ఎండుకొబ్బరి చిప్పలు పెద్ద పెట్టెలో కూడా పెట్టకూడదు. వాటిలోని నూనెవల్ల నిప్పు అంటుకునే ప్రమాదం ఉందని విమానాల వాళ్లు ఒప్పుకోరు. ఎండుచేపలంటే ఎంత ప్రాణమైనా ఇంట్లోనే వదలండి. మాంసం, చేపలు, పళ్లు, విత్తనాలు లాంటివాటికి పరదేశాల్లో ఆంక్షలుంటాయి. పైగా ఆ వాసన పెట్టెను వదలదు. అన్నిటికన్నా సుఖం కందిపొడి.

ప్రయాణం కందిపొడి

కావలసినవి: కందిపప్పు 1 గ్లాసు, శనగపప్పు పావు గ్లాసు, ఎండుమిర్చి 10, జీలకర్ర 1 చెంచా, ఉప్పు తగినంత.

చేసే విధం: పప్పులు విడివిడిగా, నూనె లేకుండా, సన్నని సెగమీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించండి. మిర్చి, జీలకర్ర కూడా వేయించి, అన్నీ పూర్తిగా చల్లారాక ఉప్పు వేసి మెత్తగా పొడి కొట్టండి. వెల్లుల్లి వేయకపోతే ఎక్కువ రోజులు నిలవుంటుంది. పొట్లాలు కట్టి, పైన పేరు రాసి పెద్ద పెట్టెలోనే పెట్టండి. ఒక పొట్లం ఎక్కువే పెట్టండి, ఆతిథ్యమిచ్చే ఇంటి ఇల్లాలికి.

అసలు తయారీ ఇంట్లోనే

ఆవకాయ సంగతి సరే, మేనకోడలి విషయంలో నేను చేసిన అసలు తప్పు ఇంకొకటుంది. మూడో రాత్రి ఫోన్ చేసి ఏడ్చింది. తిండి బాగాలేదేమో, ఎవరైనా ఏమన్నా అన్నారేమో అని నా గుండె గుభేలుమంది. విషయం అది కాదు. బస చేసిన ఇంట్లో ఒక ముసలవ్వ ఉంది. ఆవిడ పెద్దలు ఒప్పంద కూలీలుగా ఓడెక్కి వెళ్లిన తెలుగువాళ్లు. ఆవిడకు తెలుగు నాలుగు ముక్కలే వచ్చు. ఇంటి మాటలన్నీ ఇంగ్లీషులోనే. ఆవిడ మా పిల్ల చెయ్యి పట్టుకుని, "మా అమ్మ పాడేది, ఒక తెలుగు కీర్తన పాడమ్మా" అందట. మా పిల్లకు పల్లవి తప్ప చరణం రాలేదు. "మీ ఊరు ఎట్లా ఉంటుంది? ఏం పండిస్తారు?" అని అడిగితే సరైన జవాబు దొరకలేదు.

"నేను ఇక్కడికి వాళ్లకేదో నేర్పడానికి వచ్చాననుకున్నాను పిన్నీ. అవ్వ అడిగిన ఒక్కటీ నా దగ్గర లేదు" అంది. పెట్టెలో అన్నీ పెట్టాను, పిల్లలో ఏమీ పెట్టలేదు అనిపించింది నాకు.

అందుకే ప్రయాణానికి రెండు నెలల ముందునుంచీ ఇంట్లో ఇవి అలవాటు చేయించండి:

* నాలుగు తెలుగు కీర్తనలు చరణాలతో సహా, పుస్తకం చూడకుండా పాడాలి.
* తన ఊరి సంగతులు పది నిమిషాలు చెప్పగలగాలి. వేట ఎట్లా సాగుతుంది, రొయ్యల చెరువులు ఎప్పుడొచ్చాయి, తాతమ్మ ఏం చేసేది... అమ్మమ్మ దగ్గర కూర్చోబెట్టి అడిగించండి.
* తన బట్టలు తనే ఉతుక్కోవాలి. పదిమందికి వంట ఒకసారైనా చేయాలి. వెళ్లిన చోట అతిథిలా కూర్చుంటే ఆ ఇంటి ఇల్లాలికి భారమవుతుంది.
* పెట్టింది వంక పెట్టకుండా తినాలి.
* ముందు వినాలి. వాళ్లకు కావలసింది వాళ్లనే అడగాలి. వెళ్లగానే ఉపదేశాలు మొదలుపెట్టకూడదు.
* ఎవరైనా ఇబ్బంది పెడితే గట్టిగా "వద్దు" అనాలి, వెంటనే తోడున్న పెద్దావిడకూ మీకూ చెప్పాలి. 'చర్చి పరువు పోతుంది' అని దాచిపెట్టకూడదని మీ నోటితో మీరే చెప్పండి.

మీ సంగతి

ఫోను విషయంలో ఒక ఒప్పందం చేసుకోండి. అక్కడి గడియారం మనకన్నా మూడున్నర గంటలు వెనక. మన రాత్రి తొమ్మిదికి వాళ్లకు సాయంత్రం అయిదున్నర. రోజూ ఆ వేళకు ఒక్క మాట చాలు. గంటగంటకూ చేస్తే పిల్ల మనసు ఇక్కడే ఉంటుంది, వెళ్లిన పని సాగదు. ఒకరోజు ఫోను రాకపోతే కంగారు పడకండి. కానీ ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు మీ దగ్గర ముందే ఉండాలి.

తిరిగొచ్చాక ఏం తెచ్చిందో చూద్దామని వెంటనే పెట్టె తెరవకండి. ముందు అన్నం పెట్టి, చెప్పేది వినండి. రెండు రోజులు ముభావంగా ఉన్నా కంగారు పెట్టకండి. కొత్త లోకం చూసొచ్చిన మనసు కుదుటపడడానికి ఆమాత్రం టైము కావాలి.

మైపాడు చెల్లెలికి ఇదంతా చెప్పాను. అంతా విని, కాసేపు సముద్రంవైపు చూసి, "అయితే ముందు దాన్ని మా అత్త దగ్గర కూర్చోబెట్టాలక్కా. పాత పాటలన్నీ ఆమెకే వచ్చు" అంది. కందిపప్పు సంగతి ఇంకా ఎత్తనేలేదు. తయారీ అప్పుడే మొదలైందని నాకు అర్థమైంది.