గోదారి గట్టున సెంటు భూమి... నోరెళ్లబెట్టించే లెక్కలు!

రాజమండ్రిలో ఫ్లాటు కొని అద్దెకిద్దామా, కోనసీమలో కొబ్బరితోట కొని కౌలుకిద్దామా అని లెక్కలేస్తున్నారా? ఆగండాగండి! అడ్వాన్సు ఇచ్చేముందు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పండి.

మీకు తెలుసా? మనం రోజూ అనే ‘సెంటు’ ఓ ఇనుప గొలుసులోంచి పుట్టింది! ఇంగ్లండులో ఎడ్మండ్ గంటర్ 1620లో 66 అడుగుల కొలత గొలుసు చేసి, దాన్ని 100 లింకులుగా విడగొట్టాడు. సెంటంటే సరిగ్గా 1,000 చదరపు లింకులు. మన గజాల్లో 48.4. ఆ చివరి ‘పాయింట్ నాలుగు’ గుట్టు ఇదన్నమాట!

కొనబోయే తోటలో కొబ్బరికాయ చరాస్తా, స్థిరాస్తా? చరాస్తి! 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కోతకు రాని పైరును, గడ్డిని, చెట్టు మీది కాయను, ఆఖరికి చెట్టులోని రసాన్ని కూడా చరాస్తి లెక్కలోనే వేసింది. అంటే తాటిచెట్టులోని కల్లు కూడా కదిలే ఆస్తే. తాగినవాడు కదలకపోయినా సరే!

మీకు తెలుసా? 100 రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వందేనా? వందే! 1882 నాటి మరో చట్టంలో రాసిన అంకె, నేటికీ అదే. ఇప్పుడా వందకు మడి గట్టు మీది మట్టి తట్టెడైనా వస్తుందా!

ఇక అప్పు సంగతి. 40 లక్షల ఫ్లాటుకు బ్యాంకు ఎంతిస్తుంది? రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం గృహరుణం 30 లక్షలు దాటి 75 లక్షల లోపుంటే విలువలో 80 శాతం మించకూడదు. అంటే 32 లక్షలు. మిగతా 8 లక్షలు చేతిలో ఉంటే చాలనుకున్నారా? స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఆంధ్రప్రదేశ్‌లో 7.5 శాతం. ఆ 3 లక్షలూ మీ జేబులోంచే! 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు పెట్టినప్పుడు చెల్లించిన మూలధనం ఎంతో తెలుసా? 1 లక్ష. మీ రిజిస్ట్రేషన్ ఖర్చుతో మూడు బ్యాంకులు!

ఈ లెక్క మాత్రం గుండె చిక్కబట్టుకుని చదవండి. ఆ 32 లక్షలు 9 శాతం వడ్డీకి, 20 ఏళ్లకు తీసుకుంటే నెల వాయిదా సుమారు 28,791 రూపాయలు. మొదటి నెల అందులో 24,000 వడ్డీకే పోతుంది. అసలుకు చేరేది 4,791! మరి అసలులో సగం తీరేదెప్పుడు? పదేళ్లకనుకున్నారా? కాదు, 14 ఏళ్లకు! బడిలో చేర్చిన పిల్లాడు డిగ్రీలో చేరినా అప్పు ఇంకా సగం మెట్ల మీదే ఉంటుంది. మొత్తం కట్టేది 69 లక్షల పైమాటే. అయితే ఏడాదికి ఒక్క వాయిదా అదనంగా కట్టి చూడండి: అప్పు మూడున్నరేళ్లు ముందే ఎగిరిపోతుంది! నాకైతే ఈ అంకెల్లోకెల్లా ముద్దొచ్చేది ఇదే.

మీకు తెలుసా? అమెరికాలో స్థిరపడిన మన అబ్బాయి ప్రవాస భారతీయుడిగా రాజమండ్రిలో పది ఫ్లాట్లు కొనొచ్చు. అమలాపురం చేలో మాత్రం ఒక్క సెంటు కొనలేడు! నాన్న పొలం వారసత్వంగా వస్తే మాత్రం నిక్షేపంగా ఉంచుకోవచ్చు.

రంపచోడవరం ఏజెన్సీలో చవగ్గా ఎకరం దొరికిందా? గిరిజనేతరులైతే ఒక్క అడుగు వెనక్కి! 1970 నుంచి అక్కడి భూమిని గిరిజనేతరుడి దగ్గర గిరిజనేతరుడు కొన్నా చెల్లదు.

యానాం? చుట్టూ ఆంధ్రప్రదేశే, ఏలుబడి మాత్రం పుదుచ్చేరిది. వీధి దాటితే రిజిస్ట్రేషన్ లెక్కే మారిపోతుంది!

చివరి ప్రశ్న. పల్లెలోని సాగుభూమి అమ్మితే వచ్చిన లాభంపై ఆదాయపన్ను ఉండదు. మరి పల్లె ఎక్కడ మొదలవుతుంది? జనాభా లక్ష దాటి పది లక్షల లోపున్న పట్టణమైతే, పొలిమేర నుంచి 6 కిలోమీటర్లు దాటాకే. రాజమండ్రిది, భీమవరానిదీ ఇదే లెక్క. ఆ దూరాన్ని కొలిచేది రోడ్డు వెంట కాదు, కాకి ఎగిరినంత సూటిగా! కాలవ గట్టున వంకరలు తిరిగి మీ బండి 8 కిలోమీటర్లు చూపినా, కాకికి 5 అయితే పన్ను కట్టాల్సిందే!