వంకరగా నిలబడే చక్రాలు

చార్లెస్ డార్విన్ తాతగారు ఎరాస్మస్ డార్విన్ డాక్టరు. ఇంగ్లండులో లిచ్‌ఫీల్డ్ ఆయన ఊరు. చుట్టుపక్కల ఎవరికి జబ్బు చేసినా ఆయనే వెళ్లాలి, దాంతో సగం జీవితం గుర్రబ్బండిలోనే గడిచింది. అప్పటి నాలుగు చక్రాల బండికి ముందు ఇరుసు మొత్తం ఒక్క మేకు మీద తిరిగేది. మలుపులో ఇరుసు అడ్డం తిరిగితే బండికి ఆసరా ఇరుకైపోయేది, కాస్త వేగం ఎక్కువైతే బోల్తా. మన ఎడ్లబండికి ఈ బాధ లేదు. ఉన్నవే రెండు చక్రాలు, ఎడ్లు ఎటు తిరిగితే బండీ అటే. 1758 ప్రాంతంలో డార్విన్‌కి ఒక ఊహ వచ్చింది: ఇరుసును కదలనివ్వకుండా దాని చివర్లలో చక్రాలను మాత్రమే తిప్పితే? తన బండికి అలాగే అమర్చుకున్నాడు కానీ పేటెంటు జోలికి పోలేదు. 1768లో బండి మీంచి పడి మోకాలిచిప్ప విరగ్గొట్టుకున్నాడు కూడా.

తర్వాత మ్యూనిక్‌లో బండ్లు తయారుచేసే లాంకెన్‌స్పెర్గర్ ఇదే ఏర్పాటును మళ్లీ కనిపెట్టాడు. లండన్‌లో అతని తరఫున 1818లో పేటెంటు తీసుకున్నవాడు రుడాల్ఫ్ ఆకర్‌మన్. ఈయన అసలు వృత్తి పుస్తకాలు, బొమ్మలు అచ్చువేసి అమ్మడం. కనిపెట్టింది ఒకరు, కాగితం రాయించింది ఇంకొకరు. ఇంజనీరింగ్ కాలేజీల్లో పిల్లలు ఇప్పటికీ వల్లెవేసేది ఆకర్‌మన్ పేరునే.

ఇందులో కిటుకు చిన్నదే. మలుపులో లోపలి చక్రం చిన్న వలయం మీద నడుస్తుంది, బయటిది పెద్ద వలయం మీద. కాబట్టి లోపలిది ఎక్కువ తిరగాలి. రెండూ సమానంగా తిరిగితే ఒకటి నేల మీద ఈడ్చుకుపోవాల్సిందే. చక్రాలను తిప్పే చేతుల్ని కాస్త లోపలికి వంచి, వాటి గీతల్ని వెనక్కి పొడిగిస్తే వెనక ఇరుసు మధ్యలో కలిసేలా పెడితే ఆ తేడా దాదాపు దానంతటదే వస్తుందని 1878లో జాంతో అనే ఫ్రెంచివాడు లెక్క కట్టాడు. ఇంత తెలిసినా 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మొదటి కారుకు మూడే చక్రాలు. ముందు ఒక్క చక్రం ఉంటే ఈ గొడవే ఉండదు మరి. నాలుగు చక్రాల కారుకు తగిన స్టీరింగుతో ఆయన ముందుకొచ్చింది 1893లో. ఆ మరుసటేడు పారిస్–రువాన్ పందెంలో వాషెరాన్ అనే ఆయన తన కారులో స్టీరింగు పిడికర్ర తీసేసి గుండ్రటి చక్రం పట్టుకు కూర్చున్నాడు.

ఇక అసలు చిక్కు. కారు చక్రాలు నిటారుగా, సమాంతరంగా ఉండాలని మనం అనుకుంటాం. ఉండవు. మలుపులో అవి పక్కకు తిరిగే మేకు, అంటే కింగ్ పిన్, పైభాగం వెనక్కి వాలి ఉంటుంది. దాని గీతను నేలదాకా పొడిగిస్తే, అది తాకే చోటు టైరు ఆనే చోటికి కాస్త ముందుంటుంది. టైరు ఆ చోటుకు వెనకే నడవాలని చూస్తుంది. మలుపు దాటాక స్టీరింగు చేతిలో తనంతట తాను మధ్యకు జారేది అందుకే. సైకిలు ముందు ఫోర్కులోనూ ఇదే ఏర్పాటు. దీన్ని క్యాస్టర్ అంటారు. ముందునుంచి చూస్తే చక్రం పక్కకు వాలడం క్యాంబర్. పైనుంచి చూస్తే రెండు చక్రాల ముందు అంచులు దగ్గరగా ఉండటం టో-ఇన్. వెనక చక్రాలతో నడిచే పాత కార్లలో ముందు చక్రాలను రోడ్డు వెనక్కి తోస్తుంది, కీళ్లలోని కాస్త వదులు వల్ల అవి బయటికి తెరుచుకుంటాయి. నిలబడ్డప్పుడు రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి పెడితేనే నడకలో సూటిగా ఉంటాయి.

ముందు చక్రాలు అదుపు తప్పితే ఏమవుతుందో 1920లలో అమెరికా చూసింది. మెత్తటి, తక్కువ గాలి బెలూన్ టైర్లు వచ్చాయి. ఒక వేగం దగ్గరికి రాగానే ముందు చక్రాలు ఊగిపోయేవి, స్టీరింగు చేతుల్ని విదిలించి కొట్టేది. కారణం గట్టి ముందు ఇరుసు. ఒక చక్రం గతుకెక్కితే ఇరుసు వాలుతుంది, తిరుగుతున్న చక్రాన్ని అలా వాలిస్తే అది బొంగరంలా పక్కకు తిరుగుతుంది, ఆ తిప్పు రెండో చక్రానికి పాకుతుంది. జనరల్ మోటార్స్‌లో మారిస్ ఆలీ బృందం 1934 మోడళ్లలో ఆ ఇరుసునే తీసేసి, చక్రాలను విడివిడిగా వేలాడదీసింది. గట్టి ఇరుసు ఉన్న పాత జీపుల్లో కింగ్ పిన్ అరిగితే ఆ ఊపు ఇవాళా కనిపిస్తుంది.

మనం ఎక్కువగా ఎరిగిన పాత కార్లు రెండు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి పుట్టి, ఉత్తర్‌పారాలో 1957 నుంచి 2014 దాకా తయారైన అంబాసిడర్ ఒకటి. దానిది చిన్న పళ్లచక్రం (పినియన్) పళ్లకడ్డీని (రాక్) పక్కకు జరిపే రాక్ అండ్ పినియన్ స్టీరింగు. పద్మిని రెండోది. ఫియట్ 1100 వంశం, మరచుట్టు మీద రోలర్ నడిచే స్టీరింగు బాక్సు. రెండిట్లోనూ అరుగుదల మధ్యలోనే ఎక్కువ, ఎందుకంటే కారు నడిచేది ఎక్కువగా సూటిగానే. అందుకే బాక్సులో వదులు (ప్లే) ఉందని మధ్యలో స్క్రూ బిగిస్తే, అరగని చివర్లలో అది పట్టేస్తుంది. మలుపు తిప్పాక స్టీరింగు వెనక్కి రాదు. ఆ తర్వాత క్యాస్టర్ పోయిందని వెతుకులాట మొదలవుతుంది.

కారు ఎడమకి లాగుతోందంటే చాలామంది నేరుగా అలైన్‌మెంట్ షాపుకి పోతారు. నా లెక్కలో అది చిట్టచివరి పని. కీళ్లు వదులుగా ఉన్న కారుకు కొలిచే అంకెలు మరో గతుకు దాకానే నిలుస్తాయి. మొదట టైర్లలో గాలి చూడాలి. తర్వాత ముందు టైర్లు రెండూ అటూ ఇటూ మార్చి చూడాలి. లాగుడు కుడికి మారితే దోషం టైరుదే, స్టీరింగు నిర్దోషి. ఒకే ఇరుసు మీద ఒక రేడియల్, ఒక మామూలు టైరు ఉంటే ఇంకేమీ వెతకనక్కర్లేదు. కొంచెం నడిపి ఆపినప్పుడు ఒక చక్రం రెండోదానికంటే బాగా వేడిగా ఉంటే బ్రేకు పట్టేస్తోందని అర్థం.

తర్వాత కారును జాకీతో ఎత్తి, కింద స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి. కదిలితే తప్పు బేరింగుదా, కింగ్ పిన్‌దా? లోపల ఒకరిని బ్రేకు తొక్కమనాలి. ఆ కదలిక ఆగిపోతే బేరింగు, ఆగకపోతే కింగ్ పిన్. పక్కలు పట్టుకుని ఊపినప్పుడు టకటకలాడితే, స్టీరింగును చక్రాలతో కలిపే టై రాడ్ల చివరి కీళ్లు (టై రాడ్ ఎండ్స్) చూడాలి. కింగ్ పిన్ గ్రీజు నిప్పల్‌లో గ్రీజు కొట్టినా పాత గ్రీజు బయటికి రాకపోతే దారి మూసుకుపోయినట్టే. కొత్త కింగ్ పిన్ వేసే ముందు ఆ దారి తెరవాలి, లేకపోతే కొత్తదీ అదే దారి పడుతుంది.

టైరు మీద అరచెయ్యి పెడితే సగం కథ అదే చెబుతుంది. బయటి అంచు నుంచి లోపలికి నిమిరితే నున్నగా ఉండి, తిరిగి బయటికి లాగితే గరగరమంటే టో-ఇన్ ఎక్కువైంది. ఉల్టాగా ఉంటే టో-అవుట్. గేజీలు లేని రోజుల్లో దారం కట్టి ఈ టో తేడా కొలిచేవాళ్లు. చెయ్యి స్థిరంగా ఉన్న మేస్త్రీ దగ్గర దారం కూడా మంచి పరికరమే.

అంబాసిడర్‌లో ఇంకో తిరకాసు ఉంది. దాని ముందు స్ప్రింగులు చుట్టలు కావు, మెలిపడే ఉక్కు కడ్డీలు, టార్షన్ బార్లు. ఏళ్ల తరబడి మోసి మోసి ఒక పక్క కాస్త దిగుతుంది. దిగిన పక్క క్యాంబర్ మారిపోతుంది. క్యాంబర్ ఎక్కువ బయటికి వాలిన పక్కకీ, క్యాస్టర్ తక్కువ ఉన్న పక్కకీ కారు లాగుతుంది. దీన్ని టై రాడ్‌తో సరిచేయబోతే లాగుడు అలాగే ఉండి టైర్లు అరుగుతాయి. రెండు పక్కలా నేలనుంచి ఎత్తు ముందు కొలవాలి, టార్షన్ బారును బిగించో సడలించో సమం చేయాలి, అలైన్‌మెంట్ ఆ తర్వాత.

చివరికి కారు సూటిగా పోతున్నా స్టీరింగు చక్రం వంకరగా నిలబడటం మామూలే. కొందరు చక్రం ఊడదీసి నిటారుగా తిప్పి బిగించి చేతులు దులుపుకుంటారు. అప్పుడు రాక్ మధ్యలో ఉండదు, ఒక వైపు మలుపు ఎక్కువ, రెండో వైపు తక్కువ తిరుగుతుంది. రాక్‌ను సరిగ్గా మధ్యలో నిలిపి, రెండు టై రాడ్లనూ సమానంగా సర్దుకుంటూ రావాలి. చక్రాన్ని ఎవరైనా అంతకుముందే ఊడదీసి తప్పుగా బిగించి ఉంటేనే స్పానర్ దాని జోలికి పోవాలి.